ఎంత నిండింది? ఎంత మిగిలింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "నువ్వు చేసే పనేమిటో మాస్టార్లకూ పిల్లలకూ అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. నేను చేసేది స్టోరేజ్ అడ్మినిస్ట్రేషన్. పెద్ద కంప్యూటర్లలో సమాచారం దాచే డిస్కుల బాగోగులు చూసుకోవడం. ఏ డిస్కులో ఎంత చోటుంది, ఎంత నిండింది, ఎప్పటికి పూర్తిగా నిండుతుంది, ఈలోగా ఏం చేయాలి. ఇవే నా రోజువారీ ప్రశ్నలు. ఊళ్లో ఎవరైనా అడిగితే "గోడౌన్ గుమాస్తా పని" అని చెబుతుంటాను. అందులో అబద్ధమేమీ లేదు. ఎన్ని బస్తాలున్నాయో గుమాస్తాకు తెలియకపోతే గోడౌన్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు.

ఈ పనిలో మౌస్ పట్టుకుని బొమ్మలు నొక్కడం తక్కువ. నల్లటి తెర మీద ఒక మాట టైపు చేస్తే కంప్యూటరు అంకెల్లో జవాబిస్తుంది. దాన్నే కమాండ్ లైన్ అంటారు. ఆ అంకెల గురించే ఈ రోజు మాట్లాడతాను. ఒకే డిస్కును "ఎంత నిండింది?" అని నాలుగు కమాండ్లతో అడిగితే నాలుగు రకాల జవాబులు రావచ్చు. నాలుగూ నిజమే అయి ఉండొచ్చు. కానీ వాటిలో ఏదో ఒకటి చూసి ఒక అధికారి డిస్కులు కొనమంటాడు, ఇంకొకటి చూసి మరో అధికారి పాత ఫైళ్లు చెరిపేయమంటాడు. కొన్నది వెనక్కి ఇవ్వొచ్చేమో గానీ, చెరిపింది వెనక్కి రాదు.

ముందుగా మన ఇంటి సంగతి చెబుతాను. మన సంఘం పాత అడ్మిషన్ రిజిస్టర్లు, గ్రూపు ఫొటోలు, వార్షికోత్సవాల వీడియో క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకుంది. అందుకోసం 1 టెరాబైట్ హార్డ్ డిస్కు కొన్నారు. తగిలించి చూస్తే 931 జీబీ అని వచ్చింది. వెంటనే వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు "అన్నా, 69 జీబీ ఎవరు తిన్నారు? షాపువాడు మోసం చేశాడా?" అని అడిగాడు. ఎవరూ తినలేదు. డిస్కు తయారుచేసేవాళ్లకు టెరా అంటే లక్ష కోట్లు, ఒకటి పక్కన 12 సున్నాలు. విండోస్‌కు గిగా అంటే 1024ను మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్య, 107,37,41,824. లక్ష కోట్లను దానితో భాగించండి, 931 వస్తుంది. డిస్కు అదే, బైట్లు అవే, భాగహారం వేరు. అదే డిస్కును మ్యాక్ కంప్యూటర్‌కు తగిలిస్తే పూర్తిగా 1 టెరాబైట్ చూపిస్తుంది. ఆపిల్ వారు 2009లో స్నో లెపర్డ్ అనే వెర్షన్‌తో 1000 లెక్కకు మారారు.

పాతకాలం ఫ్లాపీలు గుర్తున్నవాళ్లకు ఇంకో తమాషా. దాని మీద 1.44 ఎంబీ అని ఉండేది. అందులో పట్టేది 14,74,560 బైట్లు. అది 1000 లెక్కలోనూ 1.44 కాదు, 1024 లెక్కలోనూ కాదు. ఒకసారి 1024తో, ఒకసారి 1000తో భాగిస్తేనే 1.44 అవుతుంది. ఒకే అంకెలో రెండు కొలతలూ కలిపేశారన్నమాట.

చిన్న సైజుల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. కిలో దగ్గర తేడా 2.4 శాతం. మెగా దగ్గర సుమారు 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గరికి వచ్చేసరికి దాదాపు 10 శాతం. డిస్కులు పెరిగేకొద్దీ తగాదా కూడా పెరిగింది.

మన సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. జగ్గయ్యపేట వైపు భూమిని సెంట్లలో చెబుతారు, ఎకరానికి 100 సెంట్లు. కోదాడ వైపు గుంటల్లో చెబుతారు, ఎకరానికి 40 గుంటలు. ఇప్పుడు ఒక కాగితం మీద "2.20" అని ఉందనుకోండి. ఇటువైపు మనిషి రెండెకరాల ఇరవై సెంట్లు అని చదువుతాడు. అటువైపు మనిషి రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు అని చదువుతాడు. మధ్యలో 30 సెంట్ల తేడా. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కాగితం మీద "సెంట్లు" అనో "గుంటలు" అనో ఒక్క మాట ఉంటే ఆ సందేహమే ఉండదు.

కంప్యూటర్ కాగితం మీద కూడా ఆ ఒక్క మాట తరచుగా ఉండదు.

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాని తొలి రోజుల్లోనే రెండు చిన్న కమాండ్లు పుట్టాయి. ఒకటి డీఎఫ్, డిస్క్ ఫ్రీ. రెండోది డీయూ, డిస్క్ యూసేజ్. యాభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా వాటినే వాడుతోంది. అప్పట్లో డిస్కును 512 బైట్ల బ్లాకులుగా లెక్కపెట్టేవారు. అందుకని ఆ కమాండ్లు కూడా బ్లాకుల్లోనే జవాబు చెప్పేవి. తరువాత పోసిక్స్ ప్రమాణం కూడా 512నే ఉంచింది. గ్నూ ప్రాజెక్టు వారు "మనుషులకు 1024 నయం" అని తమ కమాండ్లను 1024కు మార్చారు. ఫలితం ఏమిటి? 1024 లెక్కలో 10 జీబీ ఉన్న ఒక ఫైలును లినక్స్‌లో డీయూతో కొలిస్తే 1,04,85,760 అని వస్తుంది. మ్యాక్‌లో అదే డీయూతో కొలిస్తే 2,09,71,520 అని వస్తుంది. కమాండ్ పేరు ఒకటే, ఫైలు ఒకటే, జవాబు రెండింతలు. పక్కన యూనిట్ పేరు ఉండదు.

ఈ గందరగోళం పోగొట్టడానికి కేబీ, ఎంబీ, జీబీల్లో చూపించే సౌకర్యం వచ్చింది. అందులోనూ తిరకాసు ఉంది. డీఎఫ్ పక్కన చిన్న హెచ్ పెడితే 1024 లెక్క, పెద్ద హెచ్ పెడితే 1000 లెక్క. ఎల్‌వీఎం అనే డిస్కు నిర్వహణ సాధనం చూపించే అంకెల్లో చిన్న జీ అంటే 1024 లెక్క, పెద్ద జీ అంటే 1000 లెక్క. డీడీ అనే కమాండ్‌లో ఎం అని రాస్తే 1024 లెక్క, ఎంబీ అని రాస్తే 1000 లెక్క. ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ ఉత్త జీ అని చూపిస్తుంది, అది 1024 లెక్క. పార్టెడ్‌లో జీబీ అంటే 1000 లెక్క. ఇవన్నీ ఒకే మెషీన్‌లో, ఒకే తెర మీద, పది నిమిషాల తేడాతో వాడే సాధనాలు. ఒకదానిలో చూసిన అంకెను ఇంకొకదానిలో టైపు చేసి పార్టిషన్ కుదిస్తే, లోపలున్న సమాచారం తోక తెగిపోయే ప్రమాదం ఉంది.

ఇంతవరకు చెప్పింది కొలమానం గొడవ. దీనికన్నా లోతైనది ఇంకొకటి ఉంది. అసలు దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది. మన తరగతి గదినే ఉదాహరణగా తీసుకుందాం.

డీయూ హాజరు పట్టీ పట్టుకుని పేర్లు పిలిచే మాస్టారు లాంటిది. ఒక్కో ఫోల్డర్‌లోకి వెళ్లి, ఉన్న ప్రతి ఫైలు పేరూ పిలిచి, అది ఎంత చోటు ఆక్రమించిందో కూడుతుంది. డీఎఫ్ అలా కాదు. గుమ్మంలో నిలబడి ఖాళీ సీట్లు ఎన్ని అని చూస్తుంది. మామూలుగా రెండు లెక్కలూ దగ్గరగానే ఉంటాయి. కానీ ఒక కుర్రాడి పేరు పట్టీలోంచి కొట్టేశారు, వాడు మాత్రం ఇంకా బెంచీ మీదే కూర్చున్నాడనుకోండి. పేర్లు పిలిచే మాస్టారికి వాడు లేడు. సీట్లు చూసే మాస్టారికి వాడున్నాడు.

సర్వర్లలో ఇది మామూలుగా జరిగే విషయమే. ఒక ప్రోగ్రాము తన లాగ్ ఫైలులో రాసుకుంటూ పోతుంది, అది పెరిగి డిస్కు నిండుతుంది. ఎవరో ఆ ఫైలును చెరిపేస్తారు. డీయూలో తగ్గినట్టు కనిపిస్తుంది, డీఎఫ్‌లో ఒక్క అంకె కూడా మారదు. ప్రోగ్రాము ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే ఉంది కాబట్టి దాని చోటు విడుదల కాలేదు. ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెడితే చోటు తిరిగి వస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లు డిస్కు ఇంకా నిండే ఉందని కంగారుపడి మరో ఫైలు, ఇంకో ఫైలు చెరుపుకుంటూ పోతారు.

ఇంకొకటి. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును అడ్మినిస్ట్రేటర్ కోసం పక్కన పెడుతుంది. ముందు వరుస కుర్చీలు అతిథులకు ఉంచినట్టు. అందుకే డీఎఫ్‌లో వాడిందీ మిగిలిందీ కూడితే మొత్తం రాదు. గుండ్రం చేయడంలో కూడా తేడాలున్నాయి. లినక్స్‌లో డీఎఫ్ పైకి గుండ్రం చేస్తుంది. 10 దాటి రవ్వంత ఉన్నా 11 అని చూపిస్తుంది. అలాంటి అంకెలు నాలుగు కూడి రిపోర్టు రాస్తే, ఆ మొత్తం ఏ డిస్కులోనూ ఉండదు.

ఇక రెండేసి కాపీలు దాచే పద్ధతి చూడండి. ఒక డిస్కు పాడైనా సమాచారం పోకుండా రెండో డిస్కులో నకలు ఉంచుతారు. దీన్ని మిర్రరింగ్ అంటారు. ఒకటొకటి 1 టెరా ఉన్న రెండు డిస్కులు ఇలా జత చేస్తే మీ దగ్గర ఉన్నది 2 టెరాలా, 1 టెరానా? కొన్నది రెండు. దాచుకోగలిగేది ఒకటి. కాటా మీద ధాన్యం తూకం వేరు, గోతాం బరువూ తరుగూ పోగా చేతికొచ్చే లెక్క వేరు అయినట్టే. రెండూ అవసరమే. ఏది చెబుతున్నామో చెప్పాలి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఈ సమస్య బాగా కనిపించేది. దానికి షో అని ఒక కమాండ్, డీఎఫ్ అని దాని సొంత కమాండ్ ఇంకొకటి ఉన్నాయి. షోలో ఒక్కో డిస్కు పక్కన "యూజ్డ్" అని ఒక అంకె ఉంటుంది. దాని అర్థం ఫైళ్లతో నిండిన చోటు కాదు, ఫైళ్ల కోసం కేటాయించి పెట్టిన చోటు. రెండో కమాండ్‌లో ఆ కేటాయింపునే "టోటల్" అంటారు. అక్కడ "యూజ్డ్" అంటే నిజంగా నిండిన చోటు. ఒకచోట వాడింది అన్న మాటకు అర్థం, ఇంకోచోట మొత్తం అన్న మాటకు అర్థం ఒకటే! పైగా ఒకటి కాపీలను కలిపి చూపిస్తుంది, ఇంకొకటి కలపదు. దాన్ని అభివృద్ధి చేసేవాళ్లు 2014లో యూసేజ్ అనే కొత్త కమాండ్ తెచ్చారు. డిస్కుల మొత్తం సైజు, అందులో కేటాయించింది, కేటాయించనిది, నిజంగా నిండింది, అంచనాగా మిగిలింది, ఒక్కో బైటుకు ఎన్ని కాపీలు అన్న నిష్పత్తి. ఇవన్నీ వేరువేరు పేర్లతో ఒకేచోట చూపించడం మొదలుపెట్టారు. 1000 లెక్కా, 1024 లెక్కా, ఉత్త బైట్లా అని ఎంచుకోవడానికి అన్ని కమాండ్లకూ ఒకే రకం ఆప్షన్లు పెట్టారు. కొత్త సమాచారం ఏమీ కనిపెట్టలేదు. ఉన్నవాటికే సరైన పేర్లు పెట్టారు. నాలాంటివాళ్లకు అదే పెద్ద మేలు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లోనూ రెండు చూపులున్నాయి. మూడు 1 టెరా డిస్కులను ఒక డిస్కు పోయినా తట్టుకునేలా జత చేస్తే, జెడ్‌పూల్ లిస్ట్ అనే కమాండ్ సుమారు 2.7 అని, జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ అనే కమాండ్ 1.8కి కొంచెం తక్కువ అని చెబుతాయి. మొదటిది రక్షణ కోసం పోయే భాగాన్ని కలిపి చూపిస్తుంది, రెండోది వాడుకోగలిగిన చోటే చూపిస్తుంది. అయితే ఆ డిస్కులనే మిర్రర్‌గా పెడితే మొదటి కమాండ్ కూడా నకళ్లను కలపకుండానే చూపిస్తుంది. అమరిక మారితే లెక్క తీరు మారుతుందన్నమాట.

ఇదంతా కంప్యూటర్లవాళ్ల తగాదా, మనకెందుకు అనుకోవచ్చు. నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక ఆసుపత్రి. పేరు అనవసరం. రోగుల సీటీ స్కాన్లు, ఎక్స్‌రేలు దాచే సర్వర్ వాళ్లది, మిర్రర్ డిస్కులు. నెలనెలా చోటు ఎంత వాడారో యాజమాన్యానికి రిపోర్టు వెళ్లేది. ఒక నెల పాత టెక్నీషియన్ ఒక కమాండ్‌తో చూసి 3.1 టెరా అని రాశాడు. అతను ఉద్యోగం మారాడు. మరుసటి నెల వచ్చినతను ఇంకో కమాండ్‌తో చూసి 6.3 అని రాశాడు. ఇద్దరి రిపోర్టులోనూ శీర్షిక ఒకటే, "వాడిన చోటు". యాజమాన్యం చూసింది. నెలలో రెట్టింపు అయింది, ఇలా అయితే రెండు నెలల్లో మూతపడుతుంది అనుకుంది. మూడేళ్లు దాటిన స్కాన్లన్నీ తీసేయమని ఆదేశం రాసింది. కొత్త డిస్కుల ధర చెప్పడానికి మమ్మల్ని పిలిచారు కాబట్టి ఆ కాగితం నా కంటపడింది. రెండు కమాండ్లూ పక్కపక్కన నడిపి చూపించాను. మొదటిది కాపీలను కలపని లెక్క, రెండోది కలిపిన లెక్క. నెలలో నిజంగా పెరిగింది కొద్దిపాటి చోటే. ఆదేశం వెనక్కి తీసుకున్నారు.

ఆ మూడేళ్ల నాటి స్కాన్లు ఎవరికి కావాలి? ఊపిరితిత్తుల్లో మచ్చ ఉన్న మనిషి మళ్లీ వస్తే డాక్టరుగారు మొదట అడిగేది పాత ఫిల్మే. ఇది అప్పుడూ ఉందా, పెరిగిందా అని చూడటానికి. అది లేకపోతే ఆ మనిషికి ఇంకో పరీక్ష, ఇంకొంత ఖర్చు, ఇంకొన్ని రోజుల దిగులు. ఒక శీర్షికలో రెండు మాటలు తక్కువ రాసినందుకు పడే భారం చివరికి ఆయన మీద.

మరి ఇన్నేళ్లుగా ఎందుకు సరిచేయలేదు అని అడగొచ్చు. కారణం ఉంది. ఈ కమాండ్ల జవాబులను మనుషులే కాదు, వేల ప్రోగ్రాములు కూడా చదువుతాయి. "నాలుగో గడిలో అంకె ఇంత దాటితే ఫోను చెయ్యి" అని ఎప్పుడో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు ఇప్పటికీ నడుస్తున్నాయి. రాత్రికి రాత్రి 512ను 1024 చేస్తే అవన్నీ తప్పుతాయి. కాబట్టి పాతదాన్ని కదపకుండా, కొత్తది స్పష్టంగా అడిగి తీసుకునేలా చేయడమే దారి.

ఇటువంటి మార్పు మన దేశం ఒకసారి చక్కగా చేసింది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. తరువాత రూపాయికి 100 పైసలు. పేరు పైసే, విలువ వేరు. అందుకే కొత్త నాణేల మీద "నయా పైసా" అని అచ్చువేశారు. పెద్దవాళ్లు ఇప్పటికీ నయాపైసలంటారు. జనానికి అలవాటై పాతవి కనుమరుగయ్యాక 1964లో ఆ "నయా" తీసేశారు. కంప్యూటర్లకు కూడా 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ అదే పని చేసింది. 1024 లెక్కకు కిబి, మెబి, గిబి, టెబి అని వేరే పేర్లు పెట్టింది. కిలో, మెగా, గిగా, టెరాలను 1000కి వదిలేసింది. కానీ రూపాయి విషయంలో ప్రభుత్వం ఒక్కటే కాబట్టి ఏడేళ్లలో పని పూర్తయింది. ఇక్కడ తలో టంకశాల. కాబట్టి ఆ "నయా" అన్న మాట మనమే రాసుకోవాలి.

మన సైన్సు మాస్టార్లు జవాబు సరిగా ఉన్నా యూనిట్ రాయకపోతే అర మార్కు కోసేవారు. అప్పట్లో తరగతి మొత్తం గొణుక్కునేది. నేను నా పనిలో ఇప్పుడు అందరినీ అడిగేది ఆ అర మార్కే. యూనిట్ పేరు రాయండి. ఏది లెక్కపెట్టారో రాయండి. కాపీలు కలిశాయా లేదా చెప్పండి. ఒకచోట "వాడింది" అంటే ఏమిటో అన్నిచోట్లా అదే అయ్యేలా చూడండి. మనుషులకు గుండ్రం చేసి చూపించినా, ప్రోగ్రాములకు మాత్రం పూర్తి బైట్లే ఇవ్వండి. నెలనెలా పోల్చే రిపోర్టు ఎప్పుడూ ఒకే కమాండ్‌తో తీయండి. కమాండ్ ఏదో ఆ రిపోర్టు కిందే రాయండి.

మన సంఘం డిస్కుకు కూడా ఇదే మనవి. రెండు డిస్కుల్లో రెండు కాపీలు ఉంచుదాం. ఒక నోటు పుస్తకం పెట్టి, ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు, ఏ తేదీన చూశాం, ఏ కమాండ్‌తో చూశాం అని రాద్దాం. రెండు లెక్కలు కలవకపోతే ఏదీ చెరపొద్దు, ముందు ఎందుకు కలవలేదో కనుక్కుందాం. అందులో ఉన్నది మన అడ్మిషన్ రిజిస్టర్లు. వేలిముద్ర వేసి పిల్లలను బడిలో చేర్చిన తల్లిదండ్రుల గుర్తులు కొన్ని అందులోనే ఉన్నాయి, వేరే ఎక్కడా లేవు.

ఈ నోటు పుస్తకం బాధ్యత తీసుకోవడానికి ఇప్పుడు తొమ్మిది, పది చదువుతున్న పిల్లల్లో ఇద్దరు ముందుకొస్తే కమాండ్లు నేర్పించడానికి నేను సిద్ధం. వారానికి ఒక గంట, ఫోనులోనైనా సరే. సంఘం పెద్దలు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను.